మంచు మీద ఒక్కటే సైకిల్

మంచును చూడడానికి చాలా ముందే నేను మంచును చదివాను. మంచు మీద సైకిల్ ఎలా తొక్కాలో కిరండూల్ మొత్తానికి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది గొప్ప కాదు. తెలుసుకోవలసిన అవసరం అక్కడ ఇంకెవరికీ లేదు, నాకూ లేదు. అయినా నాకు తెలుసు.

మాది రైలు కుటుంబం. మా నాన్న విజయనగరం పక్కనుంచి కిరండూల్ లైన్లో గ్యాంగ్‌మన్‌గా వచ్చి అక్కడే ఉండిపోయాడు. నేను పదో తరగతితో చదువు ఆపి ఇనుప గని స్టోర్సులో చేరాను. బేరింగులు, బోల్టులు, గ్రీజు డబ్బాలు ఇచ్చే కిటికీ నాది. మధ్యాహ్నం రెండింటికి ఆ కిటికీ మూసేవాణ్ణి. రెండున్నరకల్లా క్లబ్బు వెనకున్న లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. మూడు బీరువాల లైబ్రరీ అది. తెలుగు పుస్తకాలు సగం అరకు మించి లేవు, వాటిని రెండేళ్ళలో ముగించాను. తర్వాత హిందీ బీరువా. దాని తర్వాత, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఇంగ్లీషు బీరువా. నిఘంటువును ఇంటికి ఇచ్చేవారు కాదు. అందుకని నేనే ఇంటికి వెళ్ళడం తగ్గించాను.

బదిలీ మీద వెళ్ళిపోయిన ఒక ఇంజనీరు వదిలిపెట్టిన విదేశీ పత్రికల కట్టలో ఆ వ్యాసం దొరికింది. మొదటి పేజీ నిండా తెల్లటి కొండ, దాని మీద లావు చక్రాల సైకిల్, సైకిల్ మీద గడ్డానికి మంచు పట్టిన మనిషి. పదకొండు పేజీల వ్యాసం చదవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అర్థాలన్నీ పాత ఇండెంటు కాగితాల వెనక రాసుకున్నాను. మెత్తటి మంచులో వెళ్ళేటప్పుడు టైరులో గాలి తగ్గించాలి, అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని మంచును పట్టుకుంటుంది. బరువు వెనక్కి వేయాలి. ముందు చక్రం బ్రేకును మరిచిపోవాలి. గడ్డకట్టిన ఐసు మీద హ్యాండిల్ తిప్పకూడదు, వంగకూడదు, బ్రేకు ముట్టుకోకూడదు. ఎటు వెళ్ళాలో అటే చూడాలి, భయపడిన చోటు వైపు చూస్తే సైకిల్ కూడా అటే వెళుతుంది. ఈ చివరి వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

మా కొండ మీద మంచు పడదు. డిసెంబరులో పొగమంచు మాత్రం పదిగంటల దాకా లేవదు. కానీ మా దగ్గర బ్లూ డస్ట్ ఉంది. ఇనుప రాయిలో ఒక రకం పిండిలా రాలిపోతుంది, నీలం కలిసిన నలుపు. పొడిగా ఉంటే అందులో కాలు చీలమండ దాకా దిగుతుంది. తడిస్తే గ్రీజు లాగే జారుతుంది. డంపర్ లారీల నుంచి రాలిన ఆ పొడి మీద రాత్రంతా పొగమంచు కురిస్తే, తెల్లవారేసరికి ఘాట్ రోడ్డు మీద నడవడమే కష్టం. వ్యాసం చదువుతున్నంతసేపూ నాకు ఆ రోడ్డే కనిపించేది.

అలాంటి రోజుల్లో క్లబ్బువాళ్ళు గేర్లున్న సైకిళ్ళు నాలుగు తెప్పించారు. ఆదివారం పొద్దున్న ఏడెనిమిదిమందిమి వంతుల మీద వాటిని కొండెక్కించి దించేవాళ్ళం. అక్కడే అతనితో పరిచయమైంది.

అతను కన్వేయర్ బెల్టు దగ్గర గ్రీజు పెట్టేవాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. కిష్టారం అవతల ఒక పల్లె. ఇంట్లో దోర్లీ, బజారులో హిందీ, మా బోటివాళ్ళతో సరిహద్దు తెలుగు. టౌన్‌షిప్పులో మా ఆంధ్రావాళ్ళు ఆ తెలుగును ఎగతాళి చేసేవారు. నేనూ చేశాను. అతను నన్ను మొదటి రోజు నుంచే అన్నా అన్నాడు. నా కిటికీ దగ్గరకు గ్రీజు డబ్బా కోసం వచ్చినప్పుడల్లా, "ఏందన్నా, ఇయ్యాల ఏం సదివినవ్?" అని అడిగేవాడు. నా చదువు గురించి ఇంకెవరూ అలా అడిగినవాళ్ళు లేరు. చెప్తే శ్రద్ధగా వినేవాడు. అందుకని అతనంటే నాకు ఇష్టంగానే ఉండేది, అతను సైకిల్ ఎక్కనంతవరకు.

ఎక్కితే మాత్రం చూడలేకపోయేవాణ్ణి. అంత తేలిగ్గా తొక్కేవాడు. పన్నెండేళ్ళకే వాళ్ళ నాన్నతో కలిసి ఇప్పపువ్వు బస్తాలు కట్టిన సైకిల్‌ను అడవి దారుల్లో నడిపాడట. దిగుడు మరీ నిలువుగా ఉన్న చోట ఆ పల్లెలవాళ్ళు ఆకులున్న పెద్ద కొమ్మ నరికి సైకిల్ వెనక తాడుతో కడతారు. కొమ్మ నేలను రాసుకుంటూ వస్తుంది, సైకిల్ పరుగెత్తదు. బ్రేకులు అరిగిపోయిన సైకిళ్ళన్నీ ఆ అడవిలో అలాగే దిగుతాయి. ఒక ఆదివారం అతను మా గేర్ల సైకిల్‌కు కూడా కొమ్మ కట్టి దించితే మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వాం.

"నవ్వుండ్రి. మీ బ్రేకు తెగినప్పుడు నా దగ్గరికే వస్తరు కొమ్మ కోసం," అన్నాడు. అతనూ నవ్వాడు.

శీతాకాలపు సైకిల్ శిబిరం గురించి క్లబ్బుకు ఉత్తరం వచ్చింది ఆ మరుసటి ఏడాది. హిమాచల్ కొండల్లో, మంచు మీద ఆరు రోజులు. చివరి రోజు పై ఊరి నుంచి కింద వంతెన దాకా సవారీ. క్లబ్బుకు ఇద్దరు రావచ్చు. కానీ సైకిల్ ఒక్కటే ఇస్తారు. చివరి రోజు సవారీ చేసేది ఒక్కడే, రెండోవాడు రిజర్వు. దానికి దరఖాస్తు ఇంగ్లీషులో రాసింది నేను. జవాబు వచ్చాక దాన్ని క్లబ్బు సెక్రటరీకి హిందీలో చదివి వినిపించిందీ నేనే. ఆ సవారీ నాదేనని ఎందుకో నాకు గట్టి నమ్మకం. మంచు గురించి ఇక్కడ చదివినవాడు ఇంకొకడు లేడు కదా.

సెక్రటరీ పోటీ పెట్టాడు. డిసెంబరు పొద్దున్న గని గేటు నుంచి కింద చెక్‌పోస్టు దాకా ఎవడు ముందు దిగితే వాడు సవారీ, రెండోవాడు రిజర్వు. ముందురోజు సాయంత్రమే నేను టైర్లలో గాలి తగ్గించి పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న పొగమంచులో పదడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. రోడ్డంతా తడిసిన బ్లూ డస్ట్. వ్యాసంలో రాసినట్టే అన్నీ చేశాను. నడుం వెనక్కి, వేళ్ళు వెనక బ్రేకు మీద, చూపు దూరంగా. నాలుగుసార్లు జారి రెండుసార్లు పడ్డాను. అయినా బాగా దిగాననే అనుకున్నాను. చెక్‌పోస్టు చేరేసరికి అతను అప్పటికే బండరాయి మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు.

"ఏందన్నా, గంత బురద పూసుకున్నవ్? హోలీ ఇంక దూరమున్నది గదా!"

"నువ్వెలా దిగావురా?" అన్నాను. ఊపిరి ఆడడం లేదు.

"పక్కన గడ్డి లేదా? గడ్డి మీద డస్టు నిలవదు. నడిమిట్ల ఎందుకొచ్చినవ్?"

ఒక నిమిషం పైన తేడా. సవారీ అతనిది, నేను రిజర్వు. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే మా ఆవిడ వేడినీళ్ళు తోడిపోస్తూ విషయం రాబట్టింది.

"అయితే మావా, రోడ్డు పక్కన గడ్డుంటాదని ఆ పుస్తకంలో రాయనేదేటి?"

"నువ్వూరుకుంటావా?"

"నానూరుకుంటాను గానీ, ఆడు తొక్కుతుంటే నువ్వు చదువుతున్నావు. మరి సైకిల్ ఎవులికి కావాలి, చదివినోడికా, తొక్కినోడికా?"

ఆ మాట చాలా రోజులు నాలో ఉండిపోయింది. చిన్నప్పటి నుంచి నాకు వేరే ఆస్తి లేదు. అందరికంటే నాలుగు మాటలు ఎక్కువ తెలుసన్నదే నా ఆస్తి. ఏమీ చదవకుండా అతను నా ముందుకు వెళ్ళిపోయాడు. పైగా దాన్ని పెద్ద విషయంగా కూడా అనుకోవడం లేదు. నన్ను ఎక్కువ కోసింది ఆ రెండోదే.

కిరండూల్ నుంచి బస్సులో రాయ్‌పూర్, అక్కడి నుంచి రైల్లో ఢిల్లీ, మళ్ళీ రెండు బస్సులు. దారి పొడుగునా అతను కిటికీ దగ్గర కూర్చుని కనబడిన ప్రతిదాని గురించి నన్ను అడిగాడు, నేను తెలిసినంత చెప్పాను. ఆ మూడు రోజులు మళ్ళీ నేనే అన్నను. మంచి రోజులవి.

శిబిరం ఉన్న ఊరు కొండ భుజం మీద ఉంది. రాతి గోడల ఇళ్ళు, పైకప్పుల మీద మంచు. బస్సు దిగి మొదటి అడుగు వేయగానే, గంజి పెట్టిన చీరను గుప్పిట్లో నలిపినట్టు కాలి కింద చప్పుడైంది. పదకొండు పేజీల్లో ఎక్కడా ఆ చప్పుడు లేదు. అతను వంగి పిడికెడు తీసి, వేళ్ళ మధ్య రాల్చి చూశాడు.

"అన్నా, గిది మన బ్లూ డస్టే! రంగు కడిగిండ్రు, గంతే."

నేను చదవడానికి నాలుగు నెలలు పట్టిన సంగతిని అతను బస్సు దిగిన నిమిషంలో అనేశాడు. నాకు నవ్వు రాలేదు.

శిబిరం నడిపే పెద్దాయన ఆ ఊరివాడే. ముఖం ఎండకూ మంచుకూ కమిలిపోయి, కళ్ళ చుట్టూ ముడతలు. అందరూ ఉస్తాద్‌జీ అనేవారు. మొదటి రోజు ఆయన హిందీలో పాఠం చెప్తూ, మంచులో ముందుగా ఏం చేయాలని అడిగితే ఎవరూ పలకలేదు. టైరులో గాలి తగ్గించాలని నేను చెప్పాను. ఆయన ఆగి నా వైపు చూశాడు. ఇంతకుముందు తొక్కావా అని అడిగాడు. లేదు, చదివాను అన్నాను. ఆయన తల ఊపిన ఆ ఊపు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ఆ పాఠం వినకుండా మా అతను వెనక, వంటవాళ్ళ దగ్గర చలి కాచుకుంటున్నాడు.

ఆ రోజు, మరునాడు, అతను పడుతూనే ఉన్నాడు. గాలి బిగించిన చక్రం మెత్తటి మంచులో కత్తిలా దిగబడిపోయేది, అతను హ్యాండిల్ మీదుగా ముందుకు వెళ్ళి పడేవాడు. క్లబ్బుకు ఒక్కటే సైకిల్ కనుక ఇద్దరం వంతులేసుకుని తొక్కేవాళ్ళం. నా వంతు రాగానే సీటు సరిచేసుకునే నెపంతో కాస్త గాలి వదిలేవాణ్ణి. అతనికి ఇచ్చేముందు పంపుతో మళ్ళీ కొట్టి ఇచ్చేవాణ్ణి. దీన్ని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అతను పడ్డప్పుడల్లా లేవదీయడానికి పరుగెత్తేదీ నేనే. లేవదీస్తున్నప్పుడు నా లోపల ఒక చల్లటి సంతోషం.

"నీ పుస్తకంల ఏం జెప్పిండ్రన్నా? నాకూ చెప్పు," అన్నాడు రెండో రోజు, చెవుల్లోంచి మంచు దులుపుకుంటూ.

బ్రేకు గురించి చెప్పాను. బరువు గురించి చెప్పాను. చూపు గురించి చెప్పాను. గాలి గురించి చెప్పలేదు.

మూడో రోజు ఉస్తాద్‌జీ స్వయంగా వచ్చి అతని టైరును బొటనవేలితో నొక్కి చూసి, వాల్వు తెరిచి గాలి వదిలాడు. అంతే. ఆ మధ్యాహ్నం నుంచి అతను పడలేదు. మంచులో జీపులు చేసిన గాడులను పట్టుకుని, గాడి మారేటప్పుడు నడుంతో ఒక్క ఊపు ఊపి, పొడి మంచును పక్కకు చిమ్ముకుంటూ దిగేవాడు. దారి పక్కన కట్టెలమోపులతో నిలబడ్డ ఆ ఊరి ఆడవాళ్ళు కేకలు వేసేవారు. వాళ్ళ భాష అతనికి రాదు, అతని భాష వాళ్ళకు రాదు. అయినా ఆ పూటే వాళ్ళు అతన్ని పిలిచి ఉప్పేసిన చాయ్ పోశారు. నేను చూస్తూ నిలబడ్డాను. నాకు ఎవరూ పోయలేదు.

"గాలి సంగతి నీకెరుక లేదా అన్నా?" అని అడిగాడు ఆ సాయంత్రం. అనుమానంతో కాదు, మామూలుగా.

"లేదురా," అన్నాను.

నాలుగో రోజు, అయిదో రోజు ఇంకా బాగా తొక్కాడు. శిబిరంలో ఉన్నవాళ్ళందరూ పెద్ద పట్నాలవాళ్ళు, మంచి చొక్కాలు, మంచి చేతితొడుగులు. వాళ్ళు కూడా అతని వంతు వస్తే ఆగి చూసేవారు. ఎవరో ఒకరు నన్ను, మీరు ఇతని కోచా అని అడిగారు. అవునని అనలేదు, కాదనీ అనలేదు.

సవారీకి ముందురోజు మధ్యాహ్నం ఉస్తాద్‌జీ అందరినీ పిలిచి దారి వివరించాడు. పై ఊరి నుంచి వంతెన దాకా తొమ్మిది మలుపులు. అయిదో మలుపు దగ్గర కొండ నీడ, ఎండ తగలదు. రాళ్ళలోంచి కారే నీళ్ళు అక్కడ గడ్డకట్టి దారంతా ఐసు. చివరగా ఒక మాట అన్నాడు. సైకిల్‌కు ఏదీ కట్టకూడదు. సంచి కాదు, తాడు కాదు, ఏదీ. ఇంతకుముందు ఒకడి వెనక వేలాడుతున్న తాడు వెనక వచ్చేవాడి చక్రంలో చుట్టుకుని కాలు విరిగింది. కట్టినట్టు కనిపిస్తే ఆ రోజు ఇక తొక్కనివ్వను, వాడి బదులు రిజర్వు తొక్కుతాడు. ఇక్కడ లేనివాళ్ళకు వాళ్ళ జోడీ చెప్పాలి.

మా అతను అక్కడ లేడు. ఆ ఊరివాళ్ళతో కట్టెలకు వెళ్ళాడు. పొద్దు వాలేటప్పుడు వచ్చాడు, వాళ్ళ మోపు ఒకటి తన తల మీద పెట్టుకుని. చుట్టూ నలుగురు మనుషులు, అందరూ నవ్వుతున్నారు. చెప్దామని లేచాను. "అన్నా, అయిదో మలుపు దాకా నడిచి చూసొచ్చిన!" అన్నాడు. మోపు దించి మళ్ళీ వాళ్ళ మాటల్లో పడిపోయాడు. సరే, పొద్దున్న చెప్తాను అనుకున్నాను. అప్పటికి నా మనసులో ఏ పన్నాగమూ లేదని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. ఉంటే నాకే తెలియలేదేమో.

పొద్దున్న సైకిల్ దగ్గరకు వెళ్ళేసరికి అతను మోకాళ్ళ మీద కూర్చుని పని చేస్తున్నాడు. నిన్న కట్టెలకు వెళ్ళినప్పుడు తెచ్చుకున్నాడు కాబోలు, గుబురుగా ఉన్న దేవదారు కొమ్మ. దాన్ని సీటు కింద కడ్డీకి తాడుతో బిగిస్తున్నాడు. వెనక పొదలా పరుచుకుని ఉంది.

"అయిదో మలుపు అద్దం లెక్క ఉన్నదన్నా. ఈ బ్రేకులు ఆడ పని చెయ్యవు. మా నాయిన ఘాటు గిట్లనే దిగుతుండె. పైనుంచే కట్టుకపోతా." తాడు ముడి పళ్ళతో లాగి బిగించి నా వైపు తలెత్తాడు. "తప్పేమన్న ఉన్నదా? సదివినోనివి, నువ్వే చెప్పు."

ఆ ప్రశ్నకు జవాబు నా నాలుక చివరే ఉంది. విప్పెయ్ రా, నిన్న ఉస్తాద్‌జీ ఏదీ కట్టొద్దన్నాడు. ఆరు మాటలు. సవారీ మొదలయ్యే చోటే తనిఖీ, అక్కడికి వెళ్ళాక విప్పడానికి టైమ్ ఉండదు. ఆరు మాటలు చెప్తే అతను దిగుతాడు, నేను కొండ మీద నిలబడి చూస్తాను. కిరండూల్‌కు తిరిగి వెళ్ళాక అందరూ అతన్ని అడుగుతారు, మంచు ఎలా ఉందని. నేను పక్కన నిలబడి వింటాను.

"తప్పేటుంటాది? కట్టుకో," అన్నాను.

తనిఖీలో ఉస్తాద్‌జీ ఆ కొమ్మను చూసి ముందు నవ్వాడు, తర్వాత ఆగిపోయాడు. నిన్న నీకెవరూ చెప్పలేదా అని హిందీలో అడిగాడు. ఏ సంగతో అర్థం కాక అతను నా వైపు చూశాడు. ఉస్తాద్‌జీ కూడా నా వైపు చూశాడు.

"బతాయా థా, ఉస్తాద్‌జీ," అన్నాను. చెప్పాను, అని.

ఎందుకన్నానో నాకు తెలుసు. చెప్పలేదంటే తప్పు నాదవుతుంది, ఆయన కొమ్మ విప్పించి అతన్నే పంపిస్తాడు. అతనికి హిందీ నాకంటే బాగా వచ్చు. నా మాట విన్నాడు. నా ముఖంలోకి కొంచెంసేపు చూశాడు. నేను చెప్పలేదని అంటాడనుకున్నాను, అరుస్తాడనుకున్నాను. అతను వంగి ముడి విప్పాడు. చల్లదనానికి వేళ్ళు బిగుసుకుపోయి ముడి తొందరగా రాలేదు. నేను సాయం చేయబోయాను, మోచేత్తో పక్కకు నెట్టాడు. కొమ్మ తీసి గోడ వారన పెట్టి, హెల్మెట్ తీసి సీటు మీద పెట్టి, పక్కకు జరిగాడు.

ఆ సవారీ నేను చేశాను. బాగానే చేశాను కూడా. మొదటి నాలుగు మలుపులూ కొత్త మంచు. మెత్తబడ్డ టైరు దాన్ని నొక్కుకుంటూ వెళ్ళింది, నేను చదివిందంతా ఒక్కొక్క వాక్యంగా కాళ్ళలోకీ నడుంలోకీ దిగింది. గేరు తీగ గడ్డకట్టి ఒక్క గేరులోనే ఉండిపోయింది, అయినా పరవాలేదు. గాలి ముఖానికి సూదుల్లా తగిలింది. ఒక చోట చక్రం పక్కకు జారితే, బ్రేకు పట్టకుండా ముందుకే చూస్తూ ఉండిపోయాను. సైకిల్ తనంతట తానే నిలదొక్కుకుంది. అంత ఆనందం నాకు ఏ పుస్తకమూ ఇవ్వలేదు. ఆ ఆనందం మధ్యలోనే ఒక ఆలోచన, ఇక్కడ వాడయితే ఇంకో గాడిలోకి దూకి ఉండేవాడు, ఈ ఎత్తు దగ్గర వాడు సీటు మీంచి లేచి ఉండేవాడు. దారి ఖాళీగా ఉన్న చోటా వాడు నా ముందు దిగుతూనే ఉన్నాడు. ఎంత తొక్కినా వాణ్ణి దాటలేకపోయాను.

అయిదో మలుపు నిజంగానే అద్దం లెక్క ఉంది. హ్యాండిల్ తిప్పలేదు, వంగలేదు, బ్రేకు ముట్టుకోలేదు. కానీ చూపు మాత్రం తప్పింది. ఎదురుగా దారి కాకుండా పక్కన లోయ అంచు చూశాను. రెండు చక్రాలూ ఒకేసారి నా కింద నుంచి వెళ్ళిపోయాయి. పక్కటెముకల మీద పడి, సైకిల్‌తో పాటు అంచు వైపే జారి, మంచు గుట్టకు తగిలి ఆగాను. లేచి నడిపించుకుంటూ ఐసు దాటి, మళ్ళీ ఎక్కి, మిగతా నాలుగు మలుపులూ దిగాను. వంతెన చేరేసరికి సగంమంది నాకంటే ముందున్నారు. ఉస్తాద్‌జీ భుజం తట్టి, మొదటిసారికి బాగా తొక్కావన్నాడు.

అతను కొంతసేపటికి ఊరివాళ్ళతో కలిసి కాలిబాటన నడిచి వచ్చాడు. వాళ్ళలో ఎవరో ఇచ్చిన ఉన్ని టోపీ పెట్టుకున్నాడు. నా మోకాలి దగ్గర చిరిగిన పంట్లాం చూశాడు.

తిరుగు ప్రయాణంలో రైలు కదిలాక నేనే మొదలుపెట్టాను. "ఆకలేస్తోందేట్రా?"

"నహీ, భాయ్‌సాబ్. ఆప్ ఖా లీజియే," అన్నాడు. వద్దు, మీరు తినండి, అని.

మొదట అది మాట వరసకనుకున్నాను. పక్క సీట్లలో హిందీవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ముందు మాట్లాడుతున్నాడు కాబోలు అనుకున్నాను. రాయ్‌పూర్‌లో బస్సెక్కాక మా పక్కన ఎవరూ లేరు. అప్పుడూ హిందీయే. గని ఆఫీసులో మేనేజరుతో మాట్లాడే హిందీ, ప్రతి మాటలోనూ మర్యాద. కిరండూల్‌లో దిగి, "అచ్ఛా, నమస్తే," అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఊళ్ళో ఒక్కో మనిషికి నాలుగేసి భాషలు ఉంటాయి. ఎవరితో ఏ భాష మాట్లాడాలన్నది ఎవరూ ఆలోచించరు, నోటికి అదే వస్తుంది. ఒక మనిషితో ఒకసారి కుదిరిన భాష మారదు. నాతో అతని భాష మారింది. నా తెలుగుకు హిందీలో జవాబు రావడం మొదలైంది.

క్లబ్బువాళ్ళు మాకు సన్మానం పెట్టారు. సవారీ చేసింది నేను కనుక నన్ను మాట్లాడమన్నారు. మంచు గురించి, టైర్లలో గాలి గురించి, చూపు గురించి అరగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. అతను రాలేదు, షిఫ్టు ఉందని చెప్పాడట. మా ఆవిడ రాత్రి వంట చేస్తూ అడిగింది.

"ఆ కుర్రోడు మన ఇంటికి రావడం మానేసినాడేటి? కొండ మీద దెబ్బలాడుకున్నారేటి?"

"లేదే."

"మరి?"

జరిగింది చెప్పాను. గాలి సంగతి తప్ప మిగతాదంతా. ఆమె కూర దించి గరిటె పక్కన పెట్టింది. తర్వాత ఒక్క మాటే అంది. "ఎల్లి చెప్పు మావా."

మర్నాడు అతను ఉండే గదికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని చొక్కాకు బొత్తాం కుట్టుకుంటున్నాడు. నిలబడే చెప్పాను. తప్పు నాది తమ్ముడూ, నువ్వడిగినప్పుడు చెప్పాల్సింది, సవారీ నీది. చాలా ముందుగా తయారు చేసుకున్న మాటలు, అందుకేనేమో అంత బాగా రాలేదు. అతను సూది ఆపి విన్నాడు.

"కోయీ బాత్ నహీ, భాయ్‌సాబ్. బైఠియే," అన్నాడు. పరవాలేదు, కూర్చోండి. లోపలి నుంచి స్టూలు తెచ్చి వేశాడు. నీళ్ళు ఇచ్చాడు. అతిథికి చేసే మర్యాదలన్నీ చేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక్క తిట్టు తెలుగులో తిట్టి ఉంటే నేను కూర్చునేవాణ్ణి. నీళ్ళు తాగి వచ్చేశాను.

తర్వాత అతను ఏడేళ్ళు నా కిటికీ దగ్గరకు వచ్చి గ్రీజు డబ్బాలు తీసుకువెళ్ళాడు. నమస్తే అనేవాడు, సంతకం పెట్టేవాడు, ధన్యవాద్ అనేవాడు. ఏం చదివావని ఎప్పుడూ అడగలేదు. ఆ ఏడేళ్ళలో నేను ఇంగ్లీషు బీరువా రెండో అర కూడా పూర్తి చేశాను.

ఒక మార్చి నెలలో, షిఫ్టు మారే వేళ, నా సైకిల్ కోసం స్టాండు దగ్గరకు వెళ్ళాను. రేకుల షెడ్డు అవతల అతను నిలబడి ఉన్నాడు. కోంటా వైపు నుంచి కొత్తగా వచ్చిన కూలీలు నలుగురు చుట్టూ ఉన్నారు. అతను చేతులు తిప్పుతూ మంచు గురించి చెప్తున్నాడు.

"కాలు పెడితే కర్రుకర్రుమంటది. ఆడోళ్ళు గూడ దాని మీద మోపులెత్తుకొని ఉరుకుతరు. నేను గట్ల పడ్డ చూడుండ్రి, మూతి మీద! చెవుల నిండ మంచు! రెండు దినాలు ఇయ్యి వినరాలె!"

వాళ్ళు విరగబడి నవ్వుతున్నారు. ఒకడు, "మల్ల కొండ దిగినవా అన్నా?" అని అడిగాడు.

"నడుసుకుంట దిగిన," అన్నాడు అతను. "ఆ ఊరోళ్ళతోని. సైకిలు మీద దిగినోళ్ళు ఏమి చూసిండ్రు? నేను మొత్తం చూసిన."

నేను షెడ్డు ఇవతల తాళంచెవి పట్టుకుని నిలబడిపోయాను. ఆ కొండ దిగినవాణ్ణి నేను. కానీ ఆ క్షణాన ఆ నలుగురు కూలీలను చూసి పడ్డ అసూయ, అతని సైకిల్‌ను చూసి కూడా నేనెప్పుడూ పడలేదు. ఎంత ఎగతాళి చేశామో ఆ తెలుగును. అది వాళ్ళకు ఊరికే దొరుకుతోంది.

తాళం తీసిన చప్పుడుకు అతను తిరిగి చూశాడు. నవ్వు ఆపలేదు, కొంచెం తగ్గించాడు, అంతే.

"నమస్తే, భాయ్‌సాబ్. సబ్ ఠీక్?"

"ఠీక్ హై," అన్నాను.